రెండో పొయ్యి

“అవ్వా, నీ పొయ్యిల అగ్గేది? సారు సందు మొగదల్ల బండి దిగిండు!” ఐలేశ్ గొంతు తగ్గించి కసిరాడు.

పంచలో మూడు ఇటుకల ముందు గొంతుక్కూర్చున్న తల్లి లచ్చమ్మ మళ్లీ ఊదింది. నిన్నటి వానకు తడిసిన పత్తికట్టె పొగే తప్ప మంట ఇవ్వడం లేదు. ఆ పొయ్యి పెట్టి గంట కూడా కాలేదు.

“పొగ లేసినా సాలు తియ్యి,” అంది లోపల గ్యాసు దగ్గర నిలబడ్డ కోడలు ఉమారాణి. “వేరువడ్డట్టు కనవడాలె, గంతే గద.”

ఇంట్లో తినే నోళ్లు ఐదు. మొన్నటిదాకా రేషన్ కార్డులో ఉన్నవి మాత్రం తల్లీకొడుకుల పేర్లే. ఉమారాణి కాపురానికొచ్చి ఏడేళ్లయినా, ఇద్దరు పిల్లలు పుట్టినా ఒక్క పేరూ ఎక్కలేదు. మొగుళ్లపల్లి మీసేవ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వేరే కార్డుకే పెట్టుకుందామని ఐలేశ్ పోయిన నెల తన పేరు కూడా తీయించుకున్నాడు. ఇప్పుడు వచ్చేది అవ్వ పేరు మీద ఆరు కిలోల సన్నబియ్యం. కొత్త కార్డుకు సారు చేసే ఈ విచారణ తప్పిందంటే ఐదుగురికీ అవే దిక్కు. ఇంట్లో రెండు పొయ్యిలు కనబడితేనే సారు రాస్తాడని ఊరంతా అంటోంది.

సారు వచ్చి వాకిట్లోనే ఫైలు తెరిచాడు. “ఎన్నేండ్లాయె వేరువడి?”

ఐలేశ్ నోరు తెరిచేలోపే లచ్చమ్మ అందుకుంది.

“రెండేండ్లాయె సారూ. ఏది వండినా వంకనే. ఒకలకు ఉప్పెక్కువైతది, ఒకలకు కారం తక్కువైతది. పొద్దుగాల లేసి గింతమందికి వండాలె. పత్తి ఏరవోయి అచ్చి మల్ల వండాలె. అందరు తిన్నంక, అవ్వా, నీకు గిన్నెల ఏమన్న మిగిలిందా అని ఒక్కలన్న అడిగిన్రా?”

అవ్వ ఇంత బాగా నాటకమాడుతుందని ఐలేశ్ అనుకోలేదు. లోలోపల మురిసిపోయాడు. ఉమారాణీ తగ్గలేదు.

“ఓయబ్బో! మరి నేను కాళ్లు జాపుకోని కూసుంటున్ననా? మిరుపకాయ ఏరవోతలేనా?”

“పోతవు బిడ్డా, పోతవు. అచ్చినంక పండుకుంటవు. నేనెన్నడు పండుకోవాలె?”

“సాలు తల్లీ, సాలు!” సారు చెయ్యెత్తి అరుగు మీద కూలబడ్డాడు. అతనికది పద్నాలుగో ఇల్లు. “పొద్దటిసంది ఏ ఇంటికి పోయినా గిదే కొట్లాట. పొయ్యిలు లెక్కవెట్టుమని నాకెవలు జెప్పిండ్రు? పెండ్లయింది, పిల్లలున్నరు, ఆధార్‌లున్నయి. ఒక్కతాన వండుకున్నా నేను రాస్త. ఈడ సంతకం పెట్టు తమ్మీ.”

ఐలేశ్ గబగబా సంతకం పెట్టాడు. సారు నీళ్లు తాగి, పదిహేనో ఇంటికి కదిలాడు.

బండి చప్పుడు సందు దాటాక ఐలేశ్ పడీ పడీ నవ్వాడు. “ఉత్తగనే పరేషానైనం! ఏం తిట్టినవే అవ్వా, నేనే నమ్మిన. ఇగ లే, గా ఇటుకలు తీసేస్త.”

“అత్తమ్మా, ఎసరు మరుగుతాంది,” లోపలినుంచి ఉమారాణి కేకేసింది. “జర అచ్చి బియ్యం పొయ్యి. పిల్లలు ఆకలంటుండ్రు.”

లచ్చమ్మ కదల్లేదు. కట్టె అప్పుడే అంటుకుంది. చిన్న గిన్నెలో తన ఒక్కదానికి సరిపడా బియ్యం కడిగి, మంట మీద పెట్టి, గోడకు వీపు ఆనించింది.

“ఇటుకల జోలికి రాకు బిడ్డా,” అంది కళ్లు మూసుకుని. “సారుకు జెప్పిన దాంట్ల రెండేండ్లన్నదొక్కటే అబద్ధం.”