చలవశాల తలుపు

ఎండ యాభై డిగ్రీలు దాటడం మామూలైపోయాక, వేసవి పగళ్లలో ముసలివాళ్లెవరూ ఇళ్లల్లో ఉండడం లేదు. పొద్దున్నే బండ్లొచ్చి, ముందు మగవాళ్లనీ తర్వాత ఆడవాళ్లనీ చలవశాలకు చేరుస్తాయి. అక్కడి తలుపు ఒక్కటే అడుగుతుంది: “ఎవరి పక్కన కూర్చుంటారు?” ముందుగా పేరు చెప్పినవాళ్లదే ఆ కుర్చీ.

మంగతాయారు రోజూ ముందు దూకి, ఒకే బళ్లో చదివిన చనువుతో “వీర్రాజు!” అంటుంది.

వీర్రాజు భార్య అచ్చియ్యమ్మ “మా ఆయన” అంటే, “ఆ పేరు గలవారు లోపల లేరు” అంటుంది తలుపు. మొగుడి పేరు నోటితో పలకడం ఆమె ఎరగదు. వెనక వరసలో కూర్చుని, అంత చల్లగాలిలోనూ ఉడికిపోతుంది.

ఆవేళ మంగతాయారు గుమ్మంలో చెప్పులు విప్పుతూ నవ్వింది. “నిన్న మీ ఆయన నా భుజమ్మీద పడి ఒకటే గురకే, అచ్చియ్యా!”

అచ్చియ్యమ్మ ఆమెను పక్కకి నెట్టి, తలుపుకి నోరు ఆనించి, శాలంతా మోగేలా అరిచింది.

“వీర్రాజు!”

లోపల వీర్రాజు పేకముక్కలు పడేసి లేచి నిలబడ్డాడు. “అదేంటి, మా అమ్మ పిలిచినట్టుంది!”

“అమ్మ కాదు, నేనే,” అచ్చియ్యమ్మ వచ్చి పక్క కుర్చీలో కూలబడింది. పమిట భుజమ్మీద మెత్తగా మడతపెట్టింది. “ఇక పెట్టుకోండి గురక.”