తుక్కు బండికి రోడ్డు ఫీజు

కౌంటర్లో గుమాస్తా నా కాగితాలు వెనక్కి నెట్టాడు. "అమ్మా, మీ స్కూటర్ తుక్కయిపోయిందని ఇందులోనే ఉంది. రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి, రోడ్డు ఫీజు తప్పుతుంది."

"కడతాను. రసీదు ఇవ్వండి."

"నడవని బండికి ఫీజేంటండీ, డబ్బులెక్కువయ్యాయా?"

"ఫీజు కట్టినవాళ్లే రోడ్ల మీటింగులో మాట్లాడాలని నిరుడు నన్ను గుమ్మంలోనే ఆపింది మీరే కదా, బాబూ!"

అతను నవ్వు ఆపుకుంటూ రసీదు చింపి ఇచ్చాడు. "ఇంతకీ ఏం అడుగుతారు?"

"మా వీధి మలుపులో గొయ్యి ఎప్పుడు పూడుస్తారని."

"బండే లేదుగా, గొయ్యితో మీకేం పని?"

నా చేతికర్ర ఎత్తి కౌంటర్ మీద పెట్టాను.

"స్కూటరూ, నా కాలూ విరిగింది అందులోనే. ఎనిమిది నెలలకి కాలు అతికింది. మూడేళ్లయినా మీ గొయ్యి పూడలేదు. పూడేదాకా ఏటా కడతాను, ఏటా అడుగుతాను."