స్తంభం మీది పోస్టరు

ఆరిన్ సంచి సర్దుకుంటున్నాడు.

ఇంటి యజమానురాలు విల్మా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. మంచం మీది తువ్వాలు ఆమెది. అది సంచిలోకి పోకుండా చూడాలి.

అతనికి పెద్ద సామానేం లేదు. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, గుప్పెడు కుంచెలు. రంగు సీసాలు మాత్రం కిటికీ గట్టు మీద బారుగా ఉన్నాయి.

"అవి ఉండనివ్వండి విల్మా గారూ. తర్వాత వచ్చి పట్టుకెళ్తాను," అన్నాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

"ఓక్లండ్."

వంతెన దాటితే ఓక్లండ్. వారం తిరక్కుండా వస్తాడులే అనుకుంది.

ఆరిన్ డాన్స్ హాళ్ళకి పోస్టర్లు వేస్తాడు. ఆ ఏడు, 1967లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ళ వీధి గోడలన్నీ అవే. నారింజ పక్కన నీలం, దాని పక్కన గులాబీ. కాసేపు చూస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అక్షరాలేమో పొగలాగా మెలికలు పోయేవి. ఏ హాల్లో ఎవరు పాడతారో పెద్దవాళ్ళకి అంతుపట్టేది కాదు. కుర్రకారు మాత్రం స్తంభం దగ్గర ఆగి, తల వాల్చి, తీరిగ్గా కూడబలుక్కుని చదివేవాళ్ళు. నచ్చితే ఊడదీసి పట్టుకుపోయి గదిలో అంటించుకునేవాళ్ళు.

విల్మా కూతురు జనీన్ పదిహేడేళ్ళది. మార్చిలో తల్లితో మాటా మాటా పెరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కకు అన్నది విల్మాయే.

ఆ రోజు నుంచి ఆమె వెనక తలుపుకి గడియ వెయ్యలేదు. ఒకసారి ఆరిన్ తెలియక వేస్తే, ఫలహారాల దగ్గర అందరి ముందూ చీవాట్లు పెట్టింది. ఎందుకు వెయ్యకూడదో కూడా అదే ఊపులో చెప్పేసింది. చెప్పాక, ఎందుకు చెప్పానా అని బాధపడింది.

తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలతో ప్రకటన అచ్చు వేయించింది. జనీన్ ఫొటో, ఎత్తు, కళ్ళ రంగు, ఇంటి ఫోన్ నంబరు. రోజూ పొద్దున్నే తిరిగి స్తంభాలకి అంటించేది. సెప్టెంబరు వచ్చినా ఒక్క ఫోనూ రాలేదు.

నిన్న వీధి మలుపులో ఆరిన్ దొరికిపోయాడు. ఆమె ప్రకటన మీదే తన పోస్టరు అంటిస్తున్నాడు. గది ఖాళీ చెయ్యమంది.

"నా కూతురి మొహం మీద జిగురు పూస్తావా?" అంది ఇప్పుడు మళ్ళీ.

"ఆ కాగితం పోలీసులదనుకుంటారండీ కుర్రాళ్ళు. దూరం నుంచే అవతలి వైపుకి దాటేస్తారు."

"నీ గీతల దగ్గర ఆగుతారు కాబోలు. దానివల్ల నాకేం ఒరిగింది?"

ఆరిన్ మంచం కింద నుంచి ఒక పోస్టరు చుట్ట తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఒక్కసారి నిదానంగా చదవండి."

"చదవడానికి అందులో అక్షరాలుంటేగా."

చుట్ట విప్పకుండానే చెత్తబుట్టలో వేసింది. అతను ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"ఇక చాలు. తాళంచెవి అక్కడ పెట్టు."

పెట్టాడు. వెనక తలుపులోంచి వెళ్ళాడు. గడియ జోలికి పోకుండా తలుపు మెల్లగా దగ్గరికి లాగాడు.

సీసాల్లో రంగులు ఎండిపోయాయి. మాట నిలబెట్టుకోని మనుషులు అని విల్మా రెండుమూడుసార్లు విసుక్కుంది. వాటిని పారెయ్యలేదు.

మరుసటి మార్చిలో ఆమె వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తుంటే వెనక తలుపు తెరుచుకుంది.

"నిజంగానే గడియ లేదే," అంది జనీన్.

విల్మా చేతిలోని చాకు కింద పెట్టింది. కూతురు చిక్కిపోయింది. ఆ మాటే అంది. తర్వాత అడిగింది, నిజంగానే అంటే ఏమిటని.

"నువ్వే రాయించావుగా అమ్మా."

జనీన్ సంచిలోంచి మడతలుపడ్డ పోస్టరు తీసి బల్ల మీద పరిచింది. న్యూమెక్సికోలో వాళ్ళుండే పొలం వంటింట్లో, పొయ్యి పైన ఉండేదట. ఇక్కడి నుంచి ఎవరో తెచ్చి అంటించారట. నాలుగు నెలలు దాని కిందే కూర్చుని తిన్నదట. జ్వరమొచ్చి పడుకున్న రోజున, చూడ్డానికి ఇంకేమీ లేక, అందులోని ఆడమనిషి బొమ్మ జుట్టులో కలిసిపోయిన అక్షరాల వెంబడి చదువుకుంటూ పోయిందట.

ఆ జుట్టు మెలికల మీద వేలు జరుపుతూ తల్లికి చదివి వినిపించింది.

"జనీన్, వెనక తలుపుకి గడియ లేదు. మీ అమ్మ కోపం పోయింది."

విల్మా మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది.

మర్నాడు విల్మా ఆ సీసాలన్నీ సంచిలో పెట్టుకుని, ఆ పోస్టర్లు అచ్చు వేసే దుకాణానికి వెళ్ళింది. అచ్చు వేసే అతను జనీన్ పేరు విని తలాడించాడు. మే నుంచి ఆరిన్ వేసిన ఆరు పోస్టర్లలోనూ ఏదో మూల ఆ మాటే ఉందట. ఎవరీ జనీన్ అని అడిగితే, నేనుండే ఇంటి యజమానురాలి కూతురు, నేనెప్పుడూ చూడలేదు అనేవాడట.

"అతనివి ఇచ్చేద్దామని వచ్చాను. ఓక్లండ్‌లో ఎక్కడుంటాడు?"

"ఓక్లండ్ వెళ్ళింది సైన్యంలో చేరడానికండీ. తప్పనిసరిగా చేరమని పిలుపొచ్చింది. మీకు చెప్పలేదా?"

మార్చి పద్దెనిమిదిన జనీన్ ఇంటికి వచ్చింది. ఆమెను ఇంటికి పిలిచిన ఆరిన్ అంతకు ముందే, 1968 ఫిబ్రవరి పదకొండున, వియత్నాం యుద్ధంలో చనిపోయాడు.