పద్నాలుగు బొటనవేళ్లు

"మీరు కూడా వేలు పెట్టేశారా అత్తయ్యా?"

కోడలు ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. కూరగాయలు తరుగుతున్న అత్తగారు తలైనా ఎత్తలేదు.

"పెట్టాను. అయితే ఏంటట?"

"వాచ్‌మన్‌ని తీసేద్దామా అని అడిగారు సెక్రటరీ. దానికి సరేనంటారా?"

"సరేనని ఎక్కడన్నాను? వేలు పెట్టానంతే."

అదేనండీ, ఫోన్లో నిటారుగా లేచి నిలబడుతుందే, పచ్చటి బొటనవేలు, అది. పొద్దున ఎనిమిదింటికి సెక్రటరీ అపార్ట్‌మెంటు గ్రూపులో ఓ మెసేజీ పెట్టాడు. గేటుకి కెమెరా, కొత్త తాళం వస్తున్నాయి, ఇక వాచ్‌మన్ అక్కర్లేదు, మధ్యాహ్నం పన్నెండింటికి గది ఖాళీ చేయమని చెప్పేస్తాను, అందరికీ సమ్మతమేనా అని. పది కొట్టేసరికి దానికింద పద్నాలుగు బొటనవేళ్లు బారులు తీరాయి. కాదన్నవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. మెట్లకింద ఆ ఒక్క గదిలోనే వాచ్‌మన్, అతని పెళ్లాం ఏడేళ్లుగా కాపురముంటున్నారు. అది పోతే మళ్లీ తల దాచుకునే చోటు లేదు.

కోడలు జర్నలిజం చదువుతోంది. సోషల్ మీడియా మనుషుల్ని ఏం చేస్తుందో పాత సిద్ధాంతాలతో కొలిచి, సోమవారంలోగా ఇరవై పేజీలు రాసివ్వాలి. వార్తనేది సూదిమందు లాంటిది, ఎక్కించామంటే అందరికీ ఒకేలా పనిచేస్తుంది అని ఒక సిద్ధాంతముందట. అందుకు ఈ వేళ్లకి మించిన సాక్ష్యం ఏముంటుందని అప్పటికే రెండు పేజీలు బరికేసింది కూడా.

"నిజం చెప్పండత్తయ్యా. అతను వెళ్లిపోవాలని మీకుందా?"

"నాకెందుకుంటుందే? మొన్న లిఫ్టులో ఇరుక్కుపోతే గంటసేపు తలుపవతల కూచుని కబుర్లు చెప్పాడు, నేను భయపడకుండా. మీ ఆయన ఫోనైనా ఎత్తలేదు."

"మరి?"

"పదమూడుమంది ఊఁ అన్నాక నేనొక్కదాన్ని ఊహూఁ అంటే ఏం బాగుంటుంది? నలుగురితో నారాయణ."

కోడలు గబగబా గదిలోకెళ్లి పుస్తకం తిరగేసింది. సూదిమందు పేజీ కాదు, దాని తర్వాతెక్కడో ఉంది. నలుగురి మాటా ఇదేననుకుంటే మనిషి తన మాట మింగేస్తాడట. వాడు మింగాడని పక్కవాడూ మింగుతాడు. ఆఖరికి ఎవరిదీ కాని మాట అందరి మాటై కూచుంటుంది. దాని పేరు మౌనపు సుడి.

"రాసిన రెండు పేజీలూ చింపెయ్యాలి," అంది కోడలు, వెలవెలబోయి.

"చింపుదువుగానిలే. ముందు పన్నెండులోపు ఆ గది సంగతి చూడు. పద, నేనూ వస్తా," అని అత్తగారు కత్తి పక్కన పడేసి లేచింది.

వేళ్ల వరస పట్టుకుని కిందినుంచి వెనక్కి బయల్దేరారు. పదమూడోది రెండో అంతస్తు పళ్ల డాక్టరుది. గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు.

"మా నాన్నని చక్రాల కుర్చీతో సహా మెట్లు దింపేది అతనేనండీ. నేనెందుకు పొమ్మంటాను? పన్నెండు వేళ్లు చూశాను. ఏదో జరిగే ఉంటుంది, నాకే తెలీదేమో అనుకున్నా."

"పళ్లు పీకే చేత్తో మనిషినే పీకేశావు కదయ్యా!"

"మీ వేలు నా కిందే ఉంది పిన్నిగారూ," అన్నాడు డాక్టరు.

అత్తగారు అప్పటికే పక్కింటి గంట నొక్కుతోంది.

తలుపు తర్వాత తలుపు కొట్టారు. ఒకావిడ తడిచేతులతో వచ్చింది, ఒకాయన సగం గడ్డంతో వచ్చాడు. పాట మాత్రం అందరిదీ ఒకటే. నాకిష్టం లేదమ్మా, కానీ నాకంటే ముందువాళ్లు పెట్టేశారుగా! పావు తక్కువ పన్నెండుకి రెండో వేలు దగ్గరకి చేరారు. అది లెక్కల టీచరుది. అద్దెకుంటోంది.

"నాకు ముందు ఒక్కటే ఉంది పిన్నీ. సెక్రటరీగారు అడిగిన నిమిషంలోనే పడింది. ఎవరో గట్టివాళ్లే అయ్యుంటారు, అద్దెకున్నదాన్ని, నాకెందుకొచ్చిన గొడవలే అని..."

"ఒక్కరికి భయపడ్డావా అమ్మాయ్? లెక్కలు చెప్పేదానివి!"

"ఆ ఒకటి పక్కన ఎన్ని సున్నాలున్నాయో నాకేం తెలుసు?"

ఆ మొదటి వేలు పక్కన పేరు లేదు, ఉత్త నంబరు. కోడలు కాపురానికొచ్చి మూడు నెలలే. సగం ఇళ్లవాళ్ల నంబర్లు ఆమె దగ్గర లేవు. టీచరుకీ తెలీదు. అత్తగారు కళ్లజోడు తేలేదు.

"ఈ ఒక్కరూ వెనక్కి తగ్గితే చాలత్తయ్యా, మిగతావన్నీ పేకమేడలా కూలిపోతాయి. అసలు అతనిమీద వీళ్లకేం పగుందో!"

"పగ కాకపోతే? మొహమైనా కడుక్కోకుండా ఆ నిమిషంలోనే పెట్టారంటే! కలుపు. నేను కడిగేస్తాను."

కోడలు స్పీకరు నొక్కి నంబరు కలిపింది. రెండు రింగులకే ఎత్తారు.

"పొద్దున గ్రూపులో అందరికంటే ముందు వేలు పెట్టింది మీరేనా?" అంది అత్తగారు, గొంతు పెంచి.

"నేనేనమ్మా!" అంది అవతలి గొంతు, సంబరంగా. "గ్రూపులో ఏదొచ్చినా అందినట్టు వెంటనే వేలు పెట్టమని సెక్రటరీగారు నాకు గట్టిగా చెప్పారు, గేటు దగ్గర కాపలా ఉన్నా, మెట్లు ఊడుస్తున్నా చీపురు పక్కన పడేసి మరీ పెడతాను. చదవడం రాదు గానీ తల్లీ, ఇంతకీ అందులో ఏం రాశారు?"