శనివారం బోటి

వెంకన్నకు మొక్కే పెరటాసి నెల శనివారాల్లో మా ఇంట నీచు ముట్టరు. ఆ నియమం మా ఆవిడ నూకమ్మది. తప్పితే దీపావళి దాకా నాకు చేపల పులుసు ఉండదు.

ఆ శనివారం గుడికని చెప్పి, మలేషియాలో మేముండే బంటింగ్ ఊరి సంతకు వెళ్లాను. అక్కడ ఇటలీవాడి బండిమీద టమాటాలో ఉడికిన బోటి, రొట్టె ఐదు రింగిట్లే. వాళ్ల అవ్వలనాటి వంటట. మొదటి ముక్క నోట్లో పెట్టగానే ఫోను మోగింది.

“ఏటి సేస్తన్నావు?” అంది నూకమ్మ.

“దండం పెట్టుకుంటన్నాన్లే. నువ్వు?”

“ఇంట్లో పప్పు వండతన్నాను.”

అంతలో పక్కన చేపలవాడు “ఇకాన్, ఇకాన్” అని కేకేశాడు. అదే కేక ఆమె వైపు నుంచి ఫోనులోనూ వినిపించింది.

వెనక్కి తిరిగాను. స్తంభం చాటున నూకమ్మ. ఆమె కంచంలో నాకన్నా ఎక్కువ బోటి.

“నన్ను సూసినావేటి?” అంది, ఫోనులోనే.

“గుడిలో ఉన్నోడిని, ఎలా సూస్తాను?” అన్నాను.