చుట్టంలా వచ్చిన వైరు

“ఈ వైర్లన్నీ ఇవాళే తీసెయ్యాలి. లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి. రెండో మాట లేదు!”

ఇంటి ఓనరు గుమ్మంలోంచే తీర్పు చెప్పేశాడు. టైలరమ్మ కాలు కుట్టుమిషను మీదే ఆగిపోయింది. ఇప్పటికిప్పుడు ఇల్లు మారితే బట్టలు కుట్టించుకునే వీధివాళ్లంతా ఇంకొకరి దగ్గరికి పోతారు. కొత్తచోట మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

“ఇప్పుడే తీసేస్తానండీ. కానీ గదికి ఒక్కటే ప్లగ్గు పాయింటు...” అంది, నూతిలోంచి మాట్లాడినట్టు.

“ఒక్కటుంటే ఒక్కటే వాడుకోవాలి! ఎక్స్‌టెన్షన్ బాక్సంటే చుట్టంలాంటిదమ్మా. వచ్చిన పని చూసుకుని వెళ్లిపోవాలి. మీ ఇంట్లో అది ఇల్లరికపు అల్లుడిలా తిష్ఠ వేసింది!”

ఆయన లోపలికొచ్చి వైరు వెంటే నడిచాడు. ఒక బాక్సులోంచి ఇంకో బాక్సు, దాంట్లోంచి మూడోది.

“ఫ్రిజ్జు కూడా దీనికేనా?”

“అవునండీ.”

“ఇస్త్రీ పెట్టె?”

“దానికేనండీ.”

“ఇంక ఈ ఇంట్లో బాక్సుకి తగిలించనిది మీ అత్తగారొక్కరే!”

ఆ అత్తగారు కింద చాప మీద కూర్చుని ఉంది. ఓనరు వంగి చాప అంచు ఎత్తాడు. దాని కింద నుంచి పోతున్న వైరుని ముట్టుకుని “బాబోయ్, కాలుతోంది!” అన్నాడు.

“అందుకే గదా నాయనా చాప ఇక్కడ వేయించుకున్నాను. మోకాళ్లకి వెచ్చగా ఉంటుంది. మందుల కన్నా నయం,” అంది అత్తగారు.

“అది వెచ్చదనం కాదు మామ్మగారూ, నిప్పు! ఈ చాప అంటుకుందంటే నా ఇల్లూ మిగలదు, మీరూ మిగలరు.”

“విన్నావా అమ్మాయ్? ఇల్లు ముందు, నేను తర్వాత!”

టైలరమ్మ నవ్వు ఆపుకుంటూ ఒక్కొక్క ప్లగ్గే తీసింది. ఆఖరి బాక్సు చూసేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. కన్నాల చుట్టూ ప్లాస్టిక్కు కమిలి నల్లబడింది. ఓనరు మాట కటువే గానీ, అబద్ధం కాదు. ఇన్నాళ్లూ దీని పక్కనే గుడ్డలు కుప్పపోసుకుని కుడుతోంది తను.

“అయిపోయాయండీ. ఇంక ఖాళీ చెయ్యమనరు కదా?”

“ఆగు. అదేంటి?”

పక్క గదిలో బీరువా వెనక ఒక వైరు. దుమ్ము పట్టి గోడ రంగులో కలిసిపోయింది. పాకుతూ పైకెళ్లి, కిటికీ మీది కంతలోంచి బయటికి పోయింది.

“తెలీదండీ. మేం దిగినప్పటి నుంచీ అలాగే ఉంది.”

“దొరికిపోయాక అందరూ అనే మాటే!” ఓనరు వైరు ముట్టుకుని చెయ్యి విదిలించాడు. “అమ్మో, పెనంలా ఉంది! ఎవరికిచ్చారు కరెంటు? ఎప్పటికైనా కొంప తగలబెట్టేది ఇదే. ఇంత బుద్ధిలేని పని చేసినవాళ్లని ఇంట్లో ఉంచుకోవడం నాదే తప్పు. పీకెయ్!”

“పీకమంటారా?”

“ఇంకా అడుగుతావేంటి? తప్పుకో!”

ఆయనే బీరువా వెనక్కి దూరి, బలమంతా పెట్టి ప్లగ్గు ఊడబీకాడు. యుద్ధం గెలిచినవాడిలా దాన్ని పైకెత్తి చూపించాడు.

అప్పుడే మేడ మీంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

“ఏమండీ! మన వాషింగ్ మెషిను ఆగిపోయింది. ఇల్లు కట్టిన కొత్తలో రెండ్రోజులకని కింద గుచ్చారే, ఆ ప్లగ్గు ఊడిందేమో కాస్త చూడండి!”