కళ్లజోడు లేని పాట

"కళ్లజోడు తియ్యి అమ్మమ్మా. కెమెరా వైపు కాదు, సరస్సు వైపు చూస్తూ పాడు," అంది మా చెల్లి డెల్ఫీన్.

ఉత్తర అమెరికా ఆదివాసులమైన మా అనిషినాబేల పాటల్నీ బొమ్మల్నీ తెల్లవాళ్ల చూపు నుంచి విడిపించడం యూనివర్సిటీలో దాని పరిశోధన. విడిపించడానికి పెద్ద పెద్ద లెన్సులు తెచ్చింది.

గంగాళంలో సరస్సులో పండిన బియ్యం వేయిస్తున్న అమ్మమ్మ, తెడ్డు నా చేతికిచ్చి లేచింది. "జోడు తీస్తే సరస్సు ఎలా కనపడుతుందే?"

"కనపడక్కర్లేదు. పాతకాలం మనిషిలా ఉండాలి. ఆ దుప్పటి కూడా కప్పుకో."

"పొయ్యి పక్కన దుప్పటా?" అంటూనే అమ్మమ్మ బుద్ధిగా జోడు తీసి, దుప్పటి కప్పుకుంది. "మా నాయనమ్మనీ ఇలాగే నిలబెట్టాడు ఒక తెల్లోడు. బూట్లు విప్పించి, నెత్తిన ఈక గుచ్చాడు. ఆ ఫోటో చూసి నువ్వే కదా ఏడ్చావు?"

డెల్ఫీన్ కెమెరా దించింది. "అయితే నేనూ వాడూ ఒకటేనా?"

"ఛ, ఒకటెలా అవుతారే. పాటైనా ఫోటో అయినా అడిగేముందు పెద్దవాళ్ల చేతిలో పొగాకు పెట్టే మన ఆచారం వాడు తెలుసుకుని వచ్చాడు."

అమ్మమ్మ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని అరచెయ్యి చాపింది. మా చెల్లి జేబులన్నీ వెతుక్కుంది. బ్యాటరీలే ఉన్నాయి.